అవతలికి ఏ అద్దం

సోమవారం. వెళ్లేటప్పుడు నల్లద్దం, వచ్చేటప్పుడు తెల్లద్దం.

మోటారుసైకిలు మీద మందులు మోసే వాళ్లందరూ రోజూ దినచర్య రాయాలని ఎండ ఆగడానికి ఊరి మీద తెరలు లాగే నీడ బోర్డు వాళ్లు హుకుం జారీ చేశారు. ఏ అద్దం పెట్టుకున్నావు, ఎందుకు పెట్టుకున్నావు, అంతే రాయాలట. పైవాళ్లు అన్నీ చదువుతారని డిపోలో మా అధికారి ఫణీంద్ర గారు చెప్పారు. పోయిన ఏడాది పైవాళ్లు నాకు పంపిన గుర్తింపు కార్డు మీద ఎవరో మీసాలాయన ఫొటో ఉంది. ఇప్పటికీ అదే మెడలో వేసుకుని తిరుగుతున్నాను. ఎవరూ అడగలేదు. కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

రేవు డిపోలో మంచుపెట్టె ఎత్తుకున్నాను. ఇన్సులిన్, పాముకాటు మందు, పసిపిల్లల టీకాలు. ఉప్పుకొటార్ల ఆస్పత్రికి చేర్చాలి. తెర తాళ్లలో చిక్కుకుని డ్రోన్లు రాలిపోతుంటే, చివరికి మళ్లీ మనిషీ మోటారుసైకిలే దిక్కయ్యాయి.

ఊరి మీద తెర ఉంది కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా మునిమాపులా ఉంటుంది. ఊరు దాటితే బయలు. అక్కడ మామూలుగా తెర ఉండదు. పైన ఎండ, కింద ఉప్పు. ఆ తెలుపు కళ్లలో సూదుల్లా దిగుతుంది. ఈ రెంటి మధ్య అంచు. బయటి వేడి లోపలికి రాకుండా అంచు దగ్గర నేలదాకా మందపాటి గుడ్డ వేలాడదీశారు. దాన్ని చీల్చుకుంటూ పోవాలి. అవతల ఏముందో ఇవతలికి కనిపించదు. గుడ్డ దగ్గర ఆగడానికీ లేదు, వెనక ఉప్పు లారీలు వస్తుంటాయి. అందుకే అంచుకి కాస్త ముందు రోడ్డు పక్కన మార్పు చోటు ఉంది. అక్కడ ఆగి, హెల్మెట్‌కి ఉన్న అద్దం ఊడదీసి, నడుముకి కట్టుకున్న సంచిలోంచి ఇంకోటి తీసి బిగించుకోవాలి. నల్లద్దం పెట్టుకుని బయల్దేరితే నీడలో గుడ్డ చేరేదాకా దాదాపు గుడ్డిగానే పోవాలి, అవతల ఎండ ఉందన్న నమ్మకంతో.

ఆ నమ్మకం మాకు మేమే ఇచ్చుకుంటాం. అవతలి నుంచి వచ్చేవాళ్లు మార్పు చోట్లో ఉన్నవాళ్లకి అద్దం చెప్పాలి. పిడికిలి ఎత్తితే నల్లద్దం. అరచెయ్యి విప్పితే తెల్లద్దం. రెండు వేళ్లు చూపితే పసుపద్దం, అంటే దుమ్ము లేచిందనో మబ్బు పట్టిందనో అర్థం. బోర్డు వాళ్లు తెరల్ని ఎప్పుడు ఎటు లాగుతారో వాళ్లకే తెలియదు కాబట్టి ఇది లేకపోతే మాకు గడవదు. పలకరించకపోయినా తప్పు లేదు. ఇంట్లో శవం ఉన్నా సరే, అద్దం చెప్పకుండా పోకూడదు. అలా పోయినవాళ్లతో మేము టీ తాగం.

ఇవాళ నాకు అద్దం చెప్పింది సలోమి వదిన. మా ఆయన అక్క. నాకు బండి నేర్పిందీ ఆవిడే. ఈ దారిలో బండెక్కిన మొదటి ఆడమనిషి. చిన్నప్పుడు సున్నం పడి ఎడమ కన్ను పోయింది. అంచు దాటే ముందు ఒక కన్ను మూసుకుని, నీడలోకి రాగానే తెరిస్తే ఆ కన్ను చీకటికి సిద్ధంగా ఉంటుందని మా అందరికీ చెప్పింది ఆవిడే. ఆవిడకి మాత్రం మూసుకోవడానికి రెండోది లేదు. ఉన్న కంట్లో కూడా లోపలి పొర పలచబడిందని, ఉత్త కంటితో ఉప్పు మీది ఎండ చూస్తే అదీ పోతుందని కళ్లాసుపత్రిలో గట్టిగా చెప్పారు. కాబట్టి ఏ అద్దమో మా కంటే ఆవిడకి ముందు తెలియాలి.

గురువారం. ఇంకా పాత అద్దాలే.

సాయంత్రం డిపోలో కొత్త అద్దాలు పంచారు. పేరు సమదృష్టి. పేరు పెట్టినాయనకి పదవి పెరిగే ఉంటుంది.

"ఇక మూడద్దాల సంచి అక్కర్లేదమ్మా," అన్నారు ఫణీంద్ర గారు. "మీ కంటిపాపల్ని అదే చూసుకుంటుంది. ఎండైతే నల్లబడుతుంది, చీకటైతే వెలుతురు పెంచి చూపిస్తుంది. మీకు ఎప్పుడూ పొద్దున ఎనిమిదింటి ఎండలా హాయిగా ఉంటుంది."

అందరం పెట్టుకున్నాం. వదిన పెట్టుకుంటే మాత్రం అది పాలు పోసినట్టు తెల్లగా ఉండిపోయింది. లోపలి నుంచి ఆడగొంతు ఒకటి, "రెండవ కంటిపాప దొరకడం లేదు, రెండవ కంటిపాప దొరకడం లేదు," అని పాటందుకుంది.

"నాకూ దొరకలా తల్లీ. నలభై ఏళ్ల నించి ఎతుకుతానే ఉన్నా," అంది వదిన దాంతో.

డిపో అంతా నవ్వులు. ఫణీంద్ర గారు నవ్వలేదు. పై నుంచి నిర్ణయం వచ్చేదాకా పాత అద్దాలే వాడుకోమని ఆవిడకి చెప్పి, మా సంచులు మాత్రం వెనక్కి తీసుకున్నారు. వదిన తన సంచిని చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మంగళవారం. సమదృష్టి.

తిట్టాలనే కూర్చున్నాను. కాని అబద్ధం ఎందుకు రాయాలి? చాలా బాగుంది. సాయంత్రం తలనొప్పి లేదు. అంచు ఎప్పుడు దాటానో కూడా తెలియలేదు, గుడ్డ భుజాలకి తగిలితేనే దాటానని అనుకున్నాను. ఉప్పు ఉప్పులా లేదు, ముగ్గుపిండిలా మెత్తగా ఉంది. నీడలో నీడ లేదు. పైకి చూస్తే ఆకాశానికి కూడా అద్దమే లేతనీలం రంగేసి చూపిస్తోంది. ఇన్నేళ్లకి మొదటిసారి ఇంటికెళ్లి కళ్ల మీద తడిగుడ్డ వేసుకోకుండా అన్నం వండాను. మా ఆయన నా మొహం చూసి, "ఏంది, సెలవిచ్చారా?" అని అడిగాడు.

శనివారం. సమదృష్టి.

వదిన పడింది. ప్రాణానికి ఏం కాలేదు, ముందే రాస్తున్నాను.

మాతో మందులు మోసే జానీబాషా బయలు నుంచి వస్తూ మార్పు చోట్లో ఉన్న వదినకి అరచెయ్యి విప్పి చూపించాడు. సరే, అవతలికి తెర లాగారు కాబోలు అనుకుని ఆవిడ తెల్లద్దంతోనే దూసుకుపోయింది. అవతల నిప్పులు చెరిగే ఎండ. ఏమీ కనిపించక బ్రేకు నొక్కి, బండితో సహా ఉప్పు బురదలోకి వెళ్లింది. మోచెయ్యి గీసుకుపోయింది. మంచుపెట్టెని పొట్టకి హత్తుకుని లేచిందట. పొద్దుగూకేదాకా ఆ ఒక్క కంట్లోంచి నీళ్లు ఆగలేదు.

టీకొట్టు దగ్గర పెద్ద గొడవ. జానీబాషా మంచివాడు, ఏడుపు ఒక్కటే తక్కువ.

"నాకు బానే కనపడిందక్కా. అల్లా తోడు. చల్లగా, పొద్దుటేల మాదిరి ఉంది."

"నేనడిగేది నీకెట్టా కనపడిందని కాదురా. అక్కడ ఎట్టా ఉందని," అంది వదిన.

"అదే గదక్కా చెప్పింది!"

అప్పుడు అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎక్కడ ఎండ ఉందో ఎక్కడ లేదో మాలో ఒక్కరికీ తెలియదు. వారం రోజులుగా చేతులెత్తి మరీ అబద్ధాలు చెప్పుకుంటున్నాం. సమదృష్టి ఉన్నవాళ్లకి దాని వల్ల నష్టం లేదు. నష్టమంతా పాత అద్దం ఉన్న ఒకే ఒక్క మనిషిది.

సోమవారం. సమదృష్టి.

నేనూ జానీబాషా కలిసి ఫణీంద్ర గారి దగ్గరికి వెళ్లాం. పెద్ద కోరికేం కాదు. బయట వెలుతురు ఎంతుందో అద్దం మూలన ఒక చిన్న చుక్క చూపిస్తే చాలు. ఎండైతే ఎర్ర చుక్క, చీకటైతే పచ్చ చుక్క. చుక్కని చూసి సైగ చేసుకుంటాం.

"మీకు వెలుతురు గురించి ఆలోచించే శ్రమ లేకుండా చెయ్యాలనే కదమ్మా ఇది ఇచ్చింది," అన్నారు ఆయన. "మళ్లీ చుక్కలెందుకు?"

"మాకు కాదు సార్. సలోమి వదినకి చెప్పడానికి."

"చేతి సైగల గురించి మా నిబంధనల్లో ఎక్కడా లేదు. లేనిదానికి సౌకర్యం ఎలా కల్పించమంటారు?"

ఆయన దురుసుగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగారు. అదే నాకు ఒళ్లు మండించింది. తిట్టేవాడితో పోట్లాడొచ్చు, ఇలా మర్యాదగా బిత్తరపోయేవాడిని ఏం చెయ్యాలి?

బుధవారం. సమదృష్టి, అంచు దగ్గర పైకెత్తి.

ఉపాయం నాకే తట్టింది. అంచు రాబోయే ముందు అద్దాన్ని ఒక్క క్షణం నుదుటి మీదికి ఎత్తి, ఉత్త కళ్లతో చూసి, దించేసుకోవడం. చూసింది చూసినట్టు అవతల చెప్పడం. పొద్దున నేను చేశాను. మధ్యాహ్నానికి జానీబాషా అందుకున్నాడు. సాయంత్రానికి దారి దారంతా ఎత్తుతోంది.

వదిన మళ్లీ మామూలు మనిషైంది. డిపోకి నెత్తళ్ల చేపల పులుసు తెచ్చి అందరికీ పెట్టింది. "ఎంతమంది కళ్లే నాకు! ఏ రాణికన్నా ఉన్నయ్యా ఇన్ని?" అంది. నాకు గర్వంగా అనిపించింది. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు, చాలా గర్వంగా అనిపించింది.

శుక్రవారం. సమదృష్టి, పైకెత్తి.

పాత రోజుల్లో మా కళ్లు ఎండకి కాస్తో కూస్తో కాయకాచి ఉండేవి. రోజంతా ఎనిమిదింటి ఎండలో బతికే కళ్లు ఇప్పుడు ఆ ఒక్క క్షణానికే తట్టుకోలేకపోతున్నాయి. ఉప్పు తెలుపు తగలగానే లోపల కారం చల్లినట్టుంటుంది. అద్దం దించినా తెల్ల మచ్చ పోదు. ఆ మచ్చని మోసుకుంటూనే గుడ్డలోకి దూరాలి. జానీబాషా రెండు రెప్పలూ వాచి డిపో బల్ల మీద పడుకున్నాడు. వాడి భార్య వచ్చి, ఇంకోసారి అద్దం ఎత్తితే ఇంటికి రావద్దని అందరి ముందూ చెప్పి తీసుకెళ్లింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

ఆదివారం. సమదృష్టి.

ఒక్కొక్కరూ ఎత్తడం మానేస్తున్నారు. ఎవరూ నోటితో చెప్పరు. ఎదురుగా వస్తుంటే తెలిసిపోతుంది, కళ్లు ఎర్రగా లేవు.

మానేస్తే మానేశారు, చెయ్యి దించుకుని పోవచ్చు కదా. పోరు. పోలేరు. అద్దం చెప్పకుండా పోవడం అంటే మాలో మొహాన ఉమ్మేసినట్టు. అందులోనూ సలోమి వదిన ముందు! అందుకని చూడకుండానే చెప్పేస్తున్నారు. బయల్లో మామూలుగా ఎండే ఉంటుంది కాబట్టి పిడికిలి ఎత్తేస్తున్నారు. చాలాసార్లు అది నిజమే అవుతోంది. మర్యాద దక్కుతోంది, టీ దక్కుతోంది. నా కళ్లు మాత్రం చింతనిప్పుల్లా ఉన్నాయి. నాలో నేను అందర్నీ తిట్టుకున్నాను.

గురువారం. సమదృష్టి.

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

మధ్యాహ్నం ఆస్పత్రిలో పెట్టె దించి వెనక్కి వస్తున్నాను. రాత్రంతా కళ్లు మంటలు, నిద్ర లేదు. అంచు దగ్గరికి వచ్చాక చెయ్యి అద్దం మీదికి వెళ్లింది. ఇవాళ ఒక్కరోజుకి వద్దులే అనుకున్నాను. కాస్త చల్లగా అనిపించిన మాట నిజం. గాలి తిరిగింది కాబోలు అనుకున్నాను. గుడ్డ చీల్చుకుని ఇవతలికి వచ్చాను. మార్పు చోట్లో వదిన ఉంది. సంచి విప్పి నా కోసమే చూస్తోంది. పిడికిలి ఎత్తాను. ఆవిడ నల్లద్దం బిగించుకుని, బదులుగా దండంలా చెయ్యి నుదుటికి ఆనించి బయల్దేరింది.

కొటార్లకి ఎవరో పెద్దవాళ్లు తనిఖీకి వస్తున్నారని బోర్డు వాళ్లు అప్పుడే బయలు మీదికి రెండు తెరలు లాగారు. ఒకదాని మీద ఒకటి. పెద్దవాళ్లకి చెమట పట్టకూడదని. అక్కడ అంత చీకటి ఎన్నడూ లేదని తర్వాత చెప్పారు. నేను ఆ చీకట్లోంచే వచ్చాను. నాకు తెలియదు. నాకది పొద్దున ఎనిమిదింటి ఎండ.

చీకట్లో నల్లద్దంతో వదిన తెర తాళ్లు కట్టే రాతిదిమ్మెకి గుద్దుకుంది. కాలర్ ఎముక విరిగింది. మణికట్టు విరిగింది. హెల్మెట్ పగిలింది. కన్ను దక్కింది.

ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చున్నాను. మా ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ నన్ను ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎత్తావా?"

"లేదు వదినా."

ఆవిడ మంచి చేత్తో దుప్పటి లాక్కుంది.

"ఎత్తకపోతే చెయ్యి కిందనే ఉంచుకోవాల్సింది గదే. నేను ఆగిపోయేదాన్ని. నువ్వు చెప్పకుండా పోయావని నాలుగు తిట్టుకునేదాన్ని, అంతే గదా."

అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

సోమవారం. సమదృష్టి.

విచారణ జరిగింది. నేను రమ్మనకుండానే వెళ్లాను. పిడికిలి చూపించింది నేనేనని, తప్పు నాదని చెప్పాను.

ఫణీంద్ర గారు తలెత్తి, "పిడికిలి అంటే ఏమిటమ్మా?" అన్నారు.

ఇన్ని రోజులుగా చెప్పిందే మళ్లీ చెప్పాను. పక్కనున్నాయనతో కాసేపు గుసగుసలాడారు. ఆ పదానికి తమ పద్ధతిలో స్థానం లేదట. చివరికి ఏం తేల్చారంటే, చోదకురాలు పరిసర వెలుతురికి తగని అద్దాన్ని ఎంచుకోవడం వల్ల ప్రమాదం జరిగిందని. ఇంకోసారి ఇలా జరిగితే ఆవిడకి ఈ దారి ఉండదని. నా తప్పు నేను ఒప్పుకుంటానన్నా పుచ్చుకునే నాథుడు లేడు. దాన్ని కూడా ఆవిడ నెత్తినే రుద్దారు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. దారినపోయేవాళ్లు నా మెడలోని మీసాలాయన ఫొటో చూసి, భర్త పోయాడేమో అనుకుని జాలిపడ్డారు.

శ్రావణం వచ్చింది. బుధవారం. సమదృష్టి, పైకెత్తి.

వదిన ఇవాళ మళ్లీ బండెక్కింది. భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదు. ఇంట్లో అందరం వద్దన్నాం. "కూర్చుంటే కన్నొస్తదా?" అంది.

ఆవిడ పడినప్పటి నుంచి నేను ప్రతిసారీ ఎత్తుతున్నాను. మార్పు చోట్లో ఎవరూ లేకపోయినా ఎత్తుతున్నాను. కళ్లాసుపత్రి వాళ్లు చుక్కల మందు ఇచ్చి, మానెయ్యమన్నారు. మానను.

ఇవాళ అంచు ముందు ఎత్తాను. కావాలనే ఎక్కువసేపు చూశాను. పైన తెర లేదు. ఉప్పు మీద ఎండ తెల్లగా మరుగుతోంది. నీళ్లు కారుతున్న కళ్లతో గుడ్డ దాటి వచ్చాను. వదిన మార్పు చోట్లో ఉంది. బండి వేగం తగ్గించి, ఎక్కడా అనుమానం లేకుండా పిడికిలి ఎత్తాను. తల పైన, అందరికీ కనిపించేలా.

ఆవిడ చూసింది. చూసి, తలదించుకుని బండి దిగింది. నల్లద్దం బిగించుకోలేదు. ఉన్న తెల్లద్దం కూడా ఊడదీసి సంచిలో వేసుకుంది. విరిగి అతుక్కున్న చేత్తోనే బండిని రోడ్డు అంచున తోసుకుంటూ గుడ్డ వైపు నడవడం మొదలుపెట్టింది. వెనక ఉప్పు లారీ హారన్ మోగించింది. డ్రైవరు కిటికీలోంచి ఏదో తిట్టాడు. ఈ దారిలో బండి నేర్చుకునేవాళ్లు కూడా అలా తోసుకుని వెళ్లరు.

నేను బండి స్టాండ్ వేసి పరిగెత్తాను.

"వదినా! ఎత్తే చూశాను. ఒట్టు. నల్లద్దమే."

"అయ్యుంటదే," అంది ఆగకుండా. గొంతులో కోపం లేదు. "నిజంగానే చూసుంటావు. నాకెట్టా తెలవాలి?"

బండి అటుపక్కన చెయ్యి వేసి నేనూ తోశాను. వద్దనలేదు. గుడ్డ దగ్గరికి వచ్చాక మంచి చేత్తో దాన్ని పక్కకి లాగింది. ఆ ఎండకి నాకు మొహం తిప్పేసుకోవాల్సి వచ్చింది. ఆవిడ తిప్పుకోలేదు. గుడ్డ పట్టుకుని నిలబడి, ఆ ఒక్క కన్నూ పూర్తిగా తెరిచి, ఉప్పుని ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది.

తర్వాత చెంప తుడుచుకుని, సంచిలో తడిమి నల్లద్దం తీసి పెట్టుకుంది.